నాలుగు సీజన్లు, రెండు జతల స్కీ టూరింగ్ బూట్లు: ముందు పోయేది ప్లాస్టిక్ కాదు, బిగించే సామాను

మదర్స్ డే రోజు వాషింగ్టన్ రాష్ట్రంలోని సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం ఎక్కుతున్నాం, ఇంకో వెయ్యి అడుగులు ఎక్కితే పైన అంచు వచ్చేస్తుంది అనగా నా కుడి బూటు కేబుల్, అంటే పాదం మీద బూటుని బిగించే సన్న స్టీలు తీగ, తెగిపోయింది. పెద్ద శబ్దం కూడా రాలేదు. కాస్త బిగిద్దామని తీగని లాగే డయల్ తిప్పుతున్నా, తిరుగుతోంది గానీ చేతికి బరువు తగలట్లేదు, చూస్తే తీగ రెండు ముక్కలై వేలాడుతోంది, పాదం మీద పట్టు మొత్తం వదిలేసింది. ఆ రోజు అక్కడ ఆడామగా అందరూ రంగురంగుల గౌన్లు వేసుకుని ఎక్కుతారు, అది ఆ కొండ మీద ఏళ్ళుగా వస్తున్న ఆనవాయితీ. పూల గౌను వేసుకున్న ఒక పెద్దాయన ఆగి తన బ్యాగులోంచి వోలే స్ట్రాప్, అంటే సాగే పట్టీ, ఒకటి తీసి ఇచ్చాడు. దాన్ని బూటు నడుం చుట్టూ, అంటే పాదం వంపు కిందనుంచి పైకి తీసుకొచ్చి గట్టిగా లాగి కట్టా. బూటుని స్కీకి పట్టి ఉంచేది బైండింగ్, నాది పిన్నులతో పట్టుకునే రకం, అందులో ముందూ వెనకా మాత్రమే పట్టు ఉంటుంది, మధ్యలో బూటుకీ స్కీకీ నడుమ ఖాళీ ఉంటుంది కాబట్టి స్ట్రాప్ దేనికీ అడ్డం రాలేదు. అలాగే పైకి వెళ్ళి అలాగే కిందకి దిగా. దిగడం మాత్రం చాలా కష్టమైంది, మలుపు తిప్పిన ప్రతిసారీ పాదం లోపల ఒక పక్కకి జారుతోంది, ఐదు వేల అడుగుల పైనే అలా దిగాలి మరి.

ఇంటికొచ్చాక లైటు కింద పెట్టి చూస్తే అర్థమైంది. ఆ తీగ ఆ రోజు తెగింది కాదు, చిటికెన వేలు దగ్గర బయటి వైపు గైడ్‌లో, అంటే తీగ దూరి వెళ్ళే గాడిలో, ఎక్కడైతే వంపు తిరుగుతుందో అక్కడ పోగులు ఒక్కొక్కటే ఎన్నో వారాలుగా తెగుతూ వచ్చాయి, చివరి రెండు మూడు పోగులు ఆ రోజు పోయాయి. అప్పట్నుంచి ఈ బూట్లు ఎక్కడ అరుగుతాయి, ఎందుకు అరుగుతాయి అని పనిగట్టుకుని చూడటం మొదలుపెట్టా. ఇది నా మొదటి జత మూడు సీజన్లు, రెండో జత ఒక సీజన్ వాడాక రాస్తున్న రివ్యూ. కంపెనీల పేర్లు రాయట్లేదు, ఒక్కో జత అనుభవంతో ఒక కంపెనీని మంచిదనో చెడ్డదనో అనడం న్యాయం కాదు, పైగా నేను చెప్పేది ఈ తరహా బూట్లు అన్నిటికీ వర్తిస్తుంది.

సియాటెల్ చుట్టుపక్కల మనవాళ్ళు ఈమధ్య చాలామంది స్నోక్వాల్మీలో లిఫ్ట్ ఎక్కి స్కీయింగ్ నేర్చుకుని, ఒకట్రెండేళ్ళకి లిఫ్ట్ లేని చోటికి పోదాం అనుకుంటున్నారు, వాళ్ళకోసం ముందు కొంచెం చెప్తా. టూరింగ్ అంటే స్కీల అడుగున వెనక్కి జారకుండా ఆపే పట్టీలు, స్కిన్స్ అంటారు, అంటించుకుని, మడమ వదులుగా పెట్టుకుని, కొండ మనమే నడిచి ఎక్కి, పైన స్కిన్స్ పీకేసి మడమ బిగించి కిందకి రావడం. లిఫ్ట్ ఉన్న చోట వాడే రిసార్ట్ బూటు ఒక్కోటి రెండు కిలోల దాకా ఉంటుంది, దాంతో కొండ ఎక్కలేం. తేలిక టూరింగ్ బూటు ఒక్కోటి కిలో నుంచి కిలోంపావు మధ్యలో ఉంటుంది, నడిచేటప్పుడు పిక్కని చుట్టి ఉండే పై భాగం, అంటే కఫ్, 60 డిగ్రీల పైనే ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ముందు భాగంలో రెండు పక్కలా చిన్న స్టీలు గుంతలుంటాయి, బైండింగ్ పిన్నులు అందులో కూర్చుంటాయి. ఇది 1980ల్లో ఆస్ట్రియాకి చెందిన ఫ్రిట్జ్ బార్తెల్ కనిపెట్టిన పద్ధతి, ఇప్పటికీ తేలిక టూరింగ్ మొత్తం దాని మీదే నడుస్తోంది. ఇంకోమాట, ఈ బూట్లు మామూలు రిసార్ట్ బైండింగులకి పట్టవు, అరికాలు వంపే వేరు, షాపులో అడక్కుండా కొనేసి తర్వాత బాధపడొద్దు.

మన్నిక గురించి అందరూ మొదట అడిగేది "అంత పల్చగా ఉంది కదా, పగలదా?" అని. నా అనుభవంలో షెల్‌కి, అంటే బయటి ప్లాస్టిక్ డొప్పకి, ఏం కాలేదు. మొదటి జత 74 రోజులు వాడా, రోజుకి సగటున మూడు వేల అడుగులు ఎక్కానంటే రెండు లక్షల అడుగుల పైనే. గీతలు పడ్డాయి, రాళ్ళకి తగిలి అక్కడక్కడా చెక్కుకుపోయింది, అంతే. ఈ బూట్ల షెల్ ఎక్కువగా పెబాక్స్‌తోనో గ్రిలమిడ్‌తోనో చేస్తారు. రెండూ నైలాన్ కుటుంబమే, గ్రిలమిడ్ కాస్త బిరుసు, పెబాక్స్ కాస్త సాగుతుంది, రిసార్ట్ బూట్లలో వాడే పాలీయురెథేన్ లాగా చలికి మరీ బిగుసుకుపోవు. అన్నట్టు పెబాక్స్‌లో ఆర్‌న్యూ అనే రకం ఆముదం గింజల నుంచి తీసిన ముడిసరుకుతో తయారవుతుంది! మాది కల్వకుర్తి వైపు, మా తాత వానలు సరిగ్గా పడని ఏడు కూడా ఆముదాలు వేసేవాడు, అవైనా చేతికొస్తాయని. ప్రపంచంలో ఆముదం పంట ఎక్కువ భాగం మన దేశంలోదే. మంచు కొండ మీద కాలికి తొడుక్కున్న ప్లాస్టిక్‌కి ఆముదపు చేనుతో చుట్టరికం ఉందని తెలిసిన రోజు ఇంటికి ఫోన్ చేసి మా నాన్నకి చెప్పా, ఆయన చాలాసేపు దాని గురించే మాట్లాడాడు.

సరే, షెల్ గట్టిదే, మరి పోయేదేంటి అంటే కదిలే ప్రతి ముక్కా. ఇది అర్థం కావాలంటే ఒక చిన్న లెక్క చాలు. రెయినీర్ మీద ప్యారడైజ్ నుంచి క్యాంప్ మ్యూర్‌కి 5,400 అడుగుల దగ్గర మొదలుపెట్టి 10,000 అడుగుల పైచిలుకుకి వెళ్తాం, ఒక వైపే ఏడు కిలోమీటర్ల పైన. ఒక్క కాలికే కఫ్ ఐదారు వేల సార్లు ఊగుతుంది ఆ ఎక్కుడులో. దిగడం అరగంట. అంటే మనం స్కీ బూటు అంటున్నాం గానీ అది నిజానికి నడక బూటు, దాని ఆయుష్షు తినేది నడక. 74 రోజుల్లో ఒక్కో కఫ్ రెండున్నర లక్షల సార్ల దాకా ఊగి ఉంటుంది. దాన్ని పట్టుకుని ఉన్నది పక్కకి ఒక రివెట్, అంటే విప్పడానికి వీల్లేకుండా కొట్టి బిగించిన మేకు, అంతే.

ఇప్పుడు అసలు విషయం, బిగించే పద్ధతి. నా మొదటి జతలో పాదం మీద డయల్, కేబుల్. పైన పిక్క దగ్గర ఒకే లీవరు, అది మూస్తే కఫ్ బిగుసుకుంటుంది, అదే దెబ్బకి వెనక నడక మోడ్, అంటే కఫ్‌ని ఊగనిచ్చే ఏర్పాటు, ఆగిపోయి కఫ్ లాక్ అయిపోతుంది. వాడుతున్నప్పుడు ఇది ఎంత హాయిగా ఉంటుందో మాటల్లో చెప్పలేను. పైకి చేరాక గాలి కొడుతుంటే, చేతులు తిమ్మిరెక్కి ఉంటే, ఒక్క లీవరు ఫట్‌మని మూసి బయల్దేరొచ్చు. డయల్ కూడా అంతే, బకిల్ అయితే పాదం మీద ఒకచోటే నొక్కుతుంది, కేబుల్ పాదం అంతా సమానంగా చుట్టుకుంటుంది, చిన్న చిన్న క్లిక్కులుగా ఎంత కావాలంటే అంతే బిగించుకోవచ్చు. నా పాదం పైభాగం కొంచెం ఎత్తు, రిసార్ట్ బూట్లలో అక్కడ నెప్పితో ఎన్నో రోజులు మధ్యాహ్నమే ఆపేసేవాణ్ణి, డయల్ బూటుతో ఆ నెప్పి పూర్తిగా పోయింది. ఆ సుఖం నిజం, దాన్ని తక్కువ చేసి చెప్పను.

కానీ ఆ సన్నని తీగ ఎక్కడ ఉందో చూడండి, బూటు మొత్తంలో రాయికి, గట్టి మంచు పొరకి, రెండో స్కీ అంచుకి, క్రాంపాన్ (ఐస్ మీద పట్టుకోసం బూటు కింద కట్టుకునే ఇనుప పళ్ళు) పట్టీకి అన్నిటికన్నా ముందు తగిలే చోట. అడ్డంగా వాలులో నడుస్తుంటే బయటి వైపు గైడ్ ప్రతి అడుగుకీ గట్టి మంచుకి రాసుకుంటుంది. సెయింట్ హెలెన్స్ అయితే మరీ, 1980 మే 18న పేలి 9,677 అడుగుల కొండ 8,363కి తగ్గిపోయింది, ఇప్పటికీ మేం ఎక్కే వర్మ్ ఫ్లోస్ అనే దారిలో వసంతకాలం మంచు కరిగిన చోటల్లా లావా రాయి, గరుకు బూడిద. స్కీలు భుజాన వేసుకుని ఆ రాళ్ళ మీద ఎక్కాలి. ఆ బూడిద తడి బూటుకి అంటుకుని గైడ్‌లోకి దూరితే తీగ దాని మీద ప్రతిసారీ గరగరా జరుగుతుంది. గరుకు కాయితంతో రుద్దినట్టే లెక్క.

రెండో ఇబ్బంది ఐస్. ఇది ఊరిని బట్టి ఉంటుంది, యూటాలో పొడి మంచులో తిరిగే నా స్నేహితుడికి డయల్ ఎప్పుడూ గడ్డకట్టలేదంట. మన స్నోక్వాల్మీ పాస్ ఎత్తు మూడు వేల అడుగులే, అక్కడ సగం రోజులు వానా కాదు మంచూ కాదు, కింద బూటు తడిసి పైకి పోయేకొద్దీ అది గడ్డకడుతుంది. డయల్ లోపల నీళ్ళు ఐస్ అయితే లోపలికి నొక్కినా క్లిక్ కూర్చోదు, తిప్పితే ఊరికే తిరుగుతుంది. తెగిందేమో అని భయపడొద్దు, అరచేతితో ఒక నిమిషం మూసి పట్టుకుని, నోటితో వెచ్చగా ఊది, నొక్కుతూ అటూ ఇటూ తిప్పితే వస్తుంది. ప్యాంటు కింది అంచు డయల్ మీదకి వచ్చేలా పెట్టుకుంటే సగం సమస్య అసలు రాదు. నడక మోడ్ బార్ పడే గాడిలో కూడా ఇదే కథ. లాక్ పడింది అనుకుంటాం, లోపల ఐస్ ముక్క ఉంటే సగమే పడుతుంది, మొదటి మలుపులో ఊడి కఫ్ వెనక్కి పోతుంది. నాకు ఒకసారి అయింది, అదృష్టం కొద్దీ మెత్తటి మంచు. అప్పట్నుంచి లాక్ వేశాక కాలు గట్టిగా ముందుకీ వెనక్కీ నొక్కి చూసి గానీ కదలను.

తెగిన కేబుల్ సంగతికొస్తే, కొన్న షాపుకి పోతే సీజన్ అయిపోయింది పార్టులు లేవు అన్నారు. బూటు కంపెనీకి మెయిల్ పెడితే మూడు వారాలకి జవాబు వచ్చింది, ఆ తర్వాత కిట్ పంపారు, డబ్బులు తీసుకోలేదు. కిట్‌లో కొత్త తీగ, చిన్న స్క్రూడ్రైవరు. వీడియో చూసుకుంటూ మొదటి బూటుకి నలభై నిమిషాలు పట్టింది, రెండోదానికి పదిహేను. పని కష్టం కాదు. కానీ ఆ మూడు వారాలూ మే నెల, వసంతం మంచు బ్రహ్మాండంగా ఉన్న రోజులు, ఇంట్లో కూర్చున్నా. అందుకే డయల్ బూటు కొనేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, బూటుతో పాటే కిట్ తెప్పించుకుని రిపేర్ సంచిలో పెట్టుకోండి, తెగాక కాదు. కొండ మీద దాన్ని ఎక్కించే ఓపిక ఉండకపోవచ్చు, దానికి స్ట్రాపులు రెండు. నేనిప్పుడు స్కీ కర్రలకి ఒక్కోటి చుట్టి ఉంచుతున్నా.

పైన పిక్క లీవరులో స్టీలు తీగ కాదు, సన్న తాడు ఉంటుంది, డైనీమా అనే గట్టి దారంతో చేసింది. అది రెండో సీజన్ చివర్లో పోచులు లేచింది. ఇది మాత్రం చాలా సులువు, క్లైంబింగ్ సామాన్ల షాపులో అదే మందం తాడు మీటరు కొనుక్కొచ్చి ముడేసుకోవడమే, ఒకటి రెండు డాలర్లు. పొడవు సరిగ్గా కుదిరేదాకా రెండు మూడుసార్లు ముడి విప్పాల్సొచ్చింది, పాత తాడు పారేయకుండా పక్కన పెట్టుకుని కొలిస్తే మీకు ఆ శ్రమ కూడా ఉండదు.

అసలు నన్ను బాధపెట్టింది కేబుల్ కాదు, కఫ్ రివెట్లు. మూడో సీజన్ మధ్యలో ప్రతి అడుగుకీ టక్ టక్ అని చప్పుడు మొదలైంది. కఫ్ పట్టుకుని పక్కలకి ఊపితే కొన్ని మిల్లీమీటర్ల ఆట కనిపిస్తోంది. నడకలో దాంతో ఇబ్బంది లేదు, కానీ గట్టి మంచు మీద దిగేటప్పుడు మోకాలు లోపలికి వంచితే స్కీ అంచు పట్టేలోగా ఒక క్షణం ఆలస్యం అవుతోంది, నిటారు వాలులో ఆ క్షణం చాలా పెద్దది. స్క్రూ అయితే బిగించుకునేవాణ్ణి. రివెట్ కదా, అడిగితే మార్చడం కుదరదు అన్నారు. రివెట్ చుట్టూ లోపల ఉన్న పల్చటి బుషింగ్ (రాపిడిని తట్టుకునే గొట్టం లాంటి ముక్క) అరిగిపోయింది, అది మారిస్తే బూటు ఇంకో మూడేళ్ళు వస్తుంది, షెల్ అంత బాగుంది. ఎనిమిది వందల డాలర్ల బూటు పావలా ముక్క కోసం పనికిరాకుండా పోవడం నాకు అస్సలు మింగుడుపడలేదు, ఇప్పటికీ పడట్లేదు. కంపెనీలు బరువు తగ్గించడానికి అక్కడ రివెట్ పెడతాయని తెలుసు, ఒక్కో బూటుకి పది పదిహేను గ్రాములు మిగులుతాయేమో, ఆ గ్రాములు మోయడానికి నేను సిద్ధం.

అందుకే రెండో జత కొనేటప్పుడు ముందు చూసింది అదే. కఫ్ ఇరుసు దగ్గర బోల్టు ఉందా, బకిల్స్ స్క్రూతో ఉన్నాయా రివెట్‌తోనా, నడక మోడ్ బార్ విడిగా ఊడొస్తుందా. షాపులో అబ్బాయి బరువు, బిరుసు గురించి చెప్తుంటే నేను బూటు తిరగేసి స్క్రూలు లెక్కపెడుతున్నా, అతను కూడా ఆసక్తిగా చూసి లోపలికి వెళ్ళి ఇంకో మోడల్ తెచ్చి పక్కన పెట్టాడు. చివరికి తీసుకుంది పాదం మీద ఒక బకిల్, పిక్క మీద ఒక బకిల్, పైన వెల్క్రో పట్టీ ఉన్నది. మొదటి దానికన్నా ఒక్కో బూటు 150 గ్రాములు ఎక్కువ బరువు. ఎక్కేటప్పుడు మొదటి నెల తేడా తెలిసింది, తర్వాత అలవాటైపోయింది.

బకిల్‌కి చావు లేదని కాదు. నడకలో వదులుగా పెడతాం కదా, అప్పుడు ఆ తీగ కొక్కెం పళ్ళలోంచి ఊడి బయటికి వేలాడుతుంది, రాళ్ళలో నడుస్తుంటే దేనికో తగులుకుని వంగుతుంది. మొదటి నెలలోనే ఎడమది వంగింది, పక్కడ్‌తో మెల్లగా సరిచేశా, ఇంకా పనిచేస్తోంది. అదే తేడా. వంగిన బకిల్ సగం పని చేస్తుంది, తెగిన కేబుల్ అస్సలు చేయదు. బిగింపు మాత్రం డయల్ అంత బాగోదు, ఒక పన్ను వదులు ఇంకో పన్ను బిగుతు, మధ్యలో లేదు, నాకు కావాల్సింది సరిగ్గా ఆ మధ్యలోదే! లైనర్, అంటే షెల్ లోపలి మెత్తటి బూటు, మీద నాలుక కింద పల్చటి ఫోమ్ ముక్క పెట్టుకుని సర్దుకున్నా. స్క్రూలన్నీ కొన్న రోజే ఒక్కొక్కటి విప్పి స్క్రూలు వదులవకుండా పట్టే జిగురు, నీలం లాక్‌టైట్, చుక్క వేసి బిగించా, ఒక సీజన్ అయినా ఒక్కటీ కదల్లేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తా. అరికాలు రబ్బరు తేలిక బూట్లలో పల్చగా ఉంటుంది, మంచు మీద ఎన్నేళ్ళయినా వస్తుంది, రాళ్ళ మీద నడిస్తే బొటనవేలు దగ్గర ముందు అరుగుతుంది, తర్వాత అక్కడే లేవడం మొదలవుతుంది. లేచిన మొదటి రోజే ఆరబెట్టి, శుభ్రం చేసి, జిగురు పెట్టి, రాత్రంతా క్లాంపు బిగించి ఉంచితే ఆగుతుంది, నీళ్ళు లోపలికి పోయాక అంటిస్తే ఆగదు. లైనర్ ఫోమ్ నాకు యాభై రోజులకి నలిగిపోయి మడమ లోపల పైకి లేవడం మొదలైంది, షాపులో మళ్ళీ వేడి చేసి అచ్చు పోయించా, ఇరవై రోజులు బాగుంది. ఇంకో సంగతి, మడమ లేస్తోందని కేబుల్ ఇంకా ఇంకా బిగిస్తాం, దాంతో తీగ మీద భారం పెరుగుతుంది. నా తీగ తెగడంలో దాని పాలు కూడా ఉందనే నా నమ్మకం.

ముందు భాగంలో స్టీలు గుంతలు మాత్రం ప్రతిసారీ చూడండి. మట్టి, ఐస్ అందులో ఇరుక్కుంటే పిన్ను పూర్తిగా కూర్చోదు, వాలు మధ్యలో స్కీ ఊడొస్తుంది. నేను పుల్లతో గీకి, స్కీ వేసుకున్నాక లాక్ వేసేముందు కాలు నాలుగైదుసార్లు పైకీ కిందకీ ఊపుతా, లోపల ఉన్నది బయటికి రాలిపోతుంది. ఇంటికొచ్చాక లైనర్ బయటికి తీసి ఫ్యాన్ గాలికి ఆరబెట్టాలి, హీటర్ మీద పెట్టొద్దు, ఫోమ్ పాడవుతుంది, అరికాలు జిగురు వదులుతుంది. సీజన్ అయ్యాక గైడ్లు, డయల్ చుట్టూ పాత టూత్‌బ్రష్, గోరువెచ్చని నీళ్ళతో కడిగి, బకిల్స్ లైట్‌గా పెట్టి షెల్ ఆకారం చెడకుండా దాచుకోవాలి.

ఎవరికి ఏది అంటే, పొడి మంచు ఉన్న చోట, స్కీలు విప్పి రాళ్ళ మీద నడిచే పని తక్కువ ఉన్నవాళ్ళు, పాదం ఎత్తుగా ఉండి బకిల్‌తో నెప్పి పడేవాళ్ళు డయల్ తీసుకోండి, సుఖపడతారు. రెయినీర్, సెయింట్ హెలెన్స్ ఉన్న కాస్కేడ్స్ పర్వతాల్లో అగ్నిపర్వతాలు ఎక్కుతూ జూన్, జులై దాకా తిరుగుతాం అనేవాళ్ళకి నా ఓటు బకిల్‌కే. రెండిట్లో ఏదైనా కఫ్ ఇరుసు దగ్గర రివెట్ ఉన్నది నేను ఇంక కొనను. సెకండ్ హ్యాండ్ కొంటుంటే షెల్ మీద గీతలు చూసి భయపడొద్దు, కింది భాగం ఒక చేత్తో పట్టుకుని కఫ్ ఇంకో చేత్తో పక్కలకి ఊపండి, తర్వాత డయల్ పూర్తిగా వదిలి, గైడ్ దగ్గర తీగ బయటికి లాగి గోటితో తడిమి చూడండి, పోగు లేచి ఉంటే గోటికి తగులుతుంది.

పాత జత పారేయలేదు. మా బామ్మర్దికి పాదం సైజు సరిపోయింది, కొత్త కేబుల్, కొత్త తాడు వేసి ఇచ్చా. టక్ టక్ చప్పుడు అలాగే ఉంది, అతను ఇంకా చిన్న వాలుల్లోనే నేర్చుకుంటున్నాడు కాబట్టి అతనికి అది చాలు. వచ్చే శనివారం ఎండ ఉంటే ఇద్దరం ప్యారడైజ్ వెళ్తున్నాం, స్ట్రాపులు నా దగ్గరున్నాయి, కిట్ అతని బ్యాగులో పెట్టించా.